పాల లెక్క పక్కన మడమ లెక్క



పోయిన ఆషాఢంలో ఒక రోజు పొద్దున్నే, మా ఓపీ గదిలో ఏదో రాసుకుంటూ తలెత్తి చూస్తే ఎదురుగా పదకొండేళ్ళ అబ్బాయి నిలబడి ఉన్నాడు. వచ్చిన చప్పుడే కాలేదు. ఇంకో రెండడుగులు వేశాక తెలిసింది, మునివేళ్ళ మీద నడుస్తున్నాడు. అర్ధరాత్రి వంటింట్లో బెల్లంముక్క కోసం వెళ్ళే పిల్లాడు ఎలా నడుస్తాడో అలాగ. కుడి మడమ నేలకి ఆనడం లేదు. వెనకాలే వాళ్ళమ్మ. కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"డాక్టరుగారూ, వీడికి నిజంగా నొప్పుందో, బడి ఎగ్గొట్టడానికి వేషాలేస్తున్నాడో మీరే తేల్చండి. పొద్దున మంచం దిగితే కుంటుతాడు. సాయంత్రం కబడ్డీ అంటే లేడిపిల్లలా ఉరుకుతాడు. రాత్రి భోజనాల వేళకి మళ్ళీ కుంటుతాడు. పొద్దున ఉండి, సాయంత్రం మాయమై, రాత్రికి తిరిగొచ్చే నొప్పి ఎక్కడైనా ఉంటుందా?"

ఉంటుంది. ఆ అమ్మ చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. అబ్బాయి కుంటడంలోనూ అబద్ధం లేదు. ఆట వేడిలో తెలియని నొప్పి ఒళ్ళు చల్లబడ్డాక తెలుస్తుంది. రాత్రంతా కదలకుండా ఉన్న కాలిని పొద్దున నేల మీద మోపగానే ఇంకా బాగా తెలుస్తుంది. ఆటలాడే పిల్లల్లో, అందులోనూ 8 ఏళ్ళకీ 14 ఏళ్ళకీ మధ్య వయసు వాళ్ళలో, మడమ వెనక నొప్పి వచ్చిందంటే చాలాసార్లు కారణం ఒకటే. ఇవాళ నా ప్రసంగం దాని గురించే.

ఆ అబ్బాయిని బల్ల మీద కూర్చోబెట్టి, మడమని వెనక నుంచి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని రెండు పక్కల నుంచీ మెల్లగా నొక్కాను. మామిడిపండు మెత్తబడిందో లేదో చూడటానికి నొక్కుతాం చూడండి, అంత బలం చాలు. "అబ్బా" అని కాలు లాక్కున్నాడు. ఎడమ మడమ నొక్కితే మొహం చిట్లించాడు కానీ కాలు లాక్కోలేదు. ఈ నొప్పి వచ్చే పిల్లల్లో సగం మందికి పైగా రెండు కాళ్ళకీ ఉంటుంది. ఒకటి ముందు బయటపడుతుంది, రెండోది దాని చాటున ఉంటుంది. వాపు లేదు. ఎరుపు లేదు. చెయ్యి పెట్టి చూస్తే వేడి లేదు. జ్వరం లేదు. పైకి నిక్షేపంలాంటి కాలు. అందుకే ఇంట్లో ఎవరూ నమ్మరు.

ఇప్పుడు ఆ మడమ లోపల ఏం జరుగుతోందో చూద్దాం. పాదంలో అన్నిటికన్నా పెద్ద ఎముక మడమ ఎముక. బిడ్డ పుట్టేనాటికే దాని నడిమి భాగం గట్టిపడి ఉంటుంది. కానీ వెనక చివర, స్నానాల గదిలో మనం రాయితో రుద్దుకునే చోటుకి లోపల, మూత లాంటి భాగం ఒకటి చాలా ఏళ్ళు మెత్తగానే ఉండిపోతుంది. మీ చెవి డిప్పని వేళ్ళతో వంచి చూడండి. గట్టిగానూ ఉంటుంది, వంగుతుంది కూడా. ఆ జాతి పదార్థమే ఇదీను. ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి ఆ మూతలో విడిగా ఒక ఎముక మొలక పుడుతుంది. ఆడపిల్లల్లో ఇంకాస్త ముందే పుడుతుంది. ఆ మొలకకీ అసలు ఎముకకీ మధ్య ఒక మెత్తని పొర మిగులుతుంది. ఎముక పెరిగేది ఆ పొరలోనే. డాక్టర్లు దాన్ని గ్రోత్ ప్లేట్ అంటారు, మనం ఎదుగుదల పొర అందాం. పద్నాలుగు, పదిహేనేళ్ళ ప్రాంతంలో ఆ పొర కూడా ఎముకగా మారిపోయి, మూతా ఎముకా ఒకటైపోతాయి. అది అతుక్కున్నాక ఈ నొప్పి రావడానికి ఇక చోటే ఉండదు.

అతుక్కునేదాకా ఆ మూత పడే పాట్లు చూడండి. పిక్క కండరాలు రెండూ కలిసి కిందికొచ్చి, మోకులాంటి గట్టి పట్టీగా మారి, సరిగ్గా ఆ మూతనే పట్టుకుంటాయి. ఆ పట్టీని అకిలిస్ టెండన్ అంటారు. మడమ పైన వేళ్ళతో తడిమితే గట్టిగా తగిలే తాడు అదే. అడుగు వేసినప్పుడల్లా, ఎగిరినప్పుడల్లా అది మూతని పైకి లాగుతుంది. అరికాలి వైపు నుంచి ఇంకో పట్టీ ముందుకి లాగుతుంది. ఈ రెండు లాగుళ్ళూ చాలవన్నట్టు కింద నేల దెబ్బ. పరుగెత్తేటప్పుడు ఒక్కో అడుగుకి ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల బలం నేల నుంచి కాలికి తిరిగి తగులుతుంది. 35 కిలోల పిల్లాడంటే, అడుగు అడుగుకీ మూడు నాలుగు పాతిక కిలోల బియ్యం బస్తాల బరువన్నమాట.

కొత్తగా పిట్టగోడ కట్టినప్పుడు మేస్త్రి ఏం చెబుతాడు? "అమ్మా, నీళ్ళు పెడుతూ ఉండండి. అప్పుడే మేకులు కొట్టి బట్టల తాడు కట్టకండి" అంటాడు. మనం వినకుండా తాడు కట్టి తడి దుప్పట్లు ఆరేశామనుకోండి, గోడేం కూలిపోదు. మేకు చుట్టూ సిమెంటు రాలి, మేకు వదులవుతుంది. మీ పిల్లాడి మడమలో జరుగుతున్నదీ అలాంటిదే. గోడ మంచిదే, తాడూ మంచిదే. గోడ ఆరకముందే బరువు ఎక్కువైంది.

ఇంకో సంగతి కూడా ఉంది. పోయిన ఏడాది కుట్టించిన ప్యాంటు ఈ ఏడాదికి చీలమండ పైకి లేచిపోయే వయసిది. ఎముకలు గబగబా పొడవవుతుంటే పిక్క కండరాలు ఆ వేగాన్ని అందుకోలేక బిగుసుకుంటాయి. తాడు బిగిసిన కొద్దీ మేకు మీద లాగుడు పెరుగుతుంది. పొడుగు సాగే ఏడాదిలోనే ఈ నొప్పి ఎక్కువగా కనబడటానికి కారణం అదే. ఒంటి బరువు ఎక్కువున్న పిల్లలకి ఇంకాస్త తొందరగా వస్తుంది.

అమెరికాలో బోస్టన్ నగరపు ఎముకల డాక్టరు జేమ్స్ వారెన్ సీవర్ 1912లో ఈ నొప్పిని వివరంగా రాశాడు. ఆయన పేరు మీదే దీన్ని సీవర్స్ డిసీజ్ అంటున్నారు. డిసీజ్ అన్న మాట చీటీలో చూసి చాలామంది తల్లిదండ్రులు బెంబేలెత్తిపోతారు. పేరు పాతది కాబట్టి అలా ఉండిపోయింది తప్ప, ఇది జబ్బు కాదు. అంటుకునేది కాదు, వంశంలో దిగేది కాదు, కాలు వంకరపోదు, పెద్దయ్యాక కీళ్ళ నొప్పులుగా మారదు.

ఎక్స్‌రే గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఎక్కువ భయం పుట్టేది అక్కడే. ఈ వయసు పిల్లాడి మడమ ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూస్తే వెనక భాగంలో నల్లటి గీత నిలువుగా కనిపిస్తుంది. గీతకి వెనక ఉన్న ముక్క తెల్లగా, ఒక్కోసారి రెండు మూడు తునకలుగా కనిపిస్తుంది. "అయ్యో, విరిగిపోయింది" అంటూ కంగారుగా పరుగెత్తుకొచ్చిన నాన్నలు నాకు తెలుసు. ఆ గీతే ఎదుగుదల పొర. ఆ తెల్లదనం, ఆ తునకలు నొప్పి లేని పిల్లల మడమలోనూ అలాగే ఉంటాయి. కాబట్టి ఈ నొప్పిని పట్టుకోవడానికి ఎక్స్‌రే కన్నా ఆ రెండు వేళ్ళ నొక్కుడే ఎక్కువ పనికొస్తుంది. ఎక్స్‌రే తీయించేది ఇంకేదైనా ఉందేమోనన్న అనుమానం వచ్చినప్పుడు.

ఆ ఇంకేదైనా ఏమిటో జాగ్రత్తగా వినండి. ఇంతవరకూ విననివాళ్ళు కూడా ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి. పిల్లాడు రాత్రి నిద్రలోంచి లేచి మడమ నొప్పని ఏడుస్తుంటే, జ్వరం ఉంటే, మడమ వాచి ఎర్రబడి వేడిగా ఉంటే, అసలు కాలు మోపలేకపోతుంటే, ఎత్తు నుంచి దూకి పడ్డాక మొదలైతే, ఆట పూర్తిగా మానేసినా నొప్పి పెరుగుతూనే ఉంటే, బరువు తగ్గి నీరసపడిపోతుంటే, పొద్దున లేచాక అరగంట దాటినా కీళ్ళు బిగుసుకునే ఉంటే, ఇంట్లో వైద్యం వద్దు. వెంటనే డాక్టరుకి చూపించండి. ఎముకకి చీము పట్టడం, ఎముక టీబీ, కీళ్ళవాతం, ఎముక విరగడం, ఇంకా అరుదుగా వేరే పెద్ద జబ్బులు ఇలా మొదలుకావచ్చు. చెప్పుల్లేకుండా ఆడే పిల్లల్లో ఇంకోటి కూడా చూడాలి. తుమ్మముల్లు గుచ్చుకుని, కొన లోపలే విరిగిపోయి, పైన చర్మం మూసుకుపోతుంది. నెల తర్వాత కుంటుతూ వస్తాడు. అప్పుడు నొప్పి మడమ పక్కల్లో కాకుండా అరికాలి వైపు ఒకే ఒక్క చుక్క దగ్గర ఉంటుంది.

ఇక, మన ఇళ్ళల్లో ఎదుగుదల నొప్పులని ఒక మాట ఉంది. రాత్రిపూట పిక్కలు, తొడలు లాగుతున్నాయని పిల్లలు ఏడుస్తారు, నాయనమ్మ కాసేపు పిసికితే నిద్రపోతారు, తెల్లారేసరికి ఏమీ ఉండదు. అది వేరు. మన మడమ నొప్పి ఒక్కచోటే ఉంటుంది, ఆటని బట్టి వస్తుంది, పోతుంది.

సరే, వైద్యం. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో ఇలాంటి పిల్లలొస్తే చీటీ మీద పెద్ద అక్షరాలతో "మూడు నెలలు ఆటలు బంద్" అని రాసేవాణ్ణి. నొప్పి తగ్గేది. తగ్గిందని నేను సంతోషపడేవాణ్ణి. నాలుగో నెల మొదటి రోజు ఆ పిల్లాడు మైదానంలోకి దూకి, మూడు నెలల ఆటా ఒక్క సాయంత్రమే ఆడేసేవాడు. వారం తిరక్కుండా మళ్ళీ నా గదిలో ఉండేవాడు. ఈసారి నొప్పితో పాటు దిగులు కూడా తెచ్చుకునేవాడు, జట్టులో తన చోటు ఇంకొకరికి ఇచ్చేశారు మరి. మందు ఇచ్చేటప్పుడు మోతాదు చూసి ఇస్తాం. అర మాత్ర చాలేచోట పూర్తి మాత్ర ఇవ్వం, అలాగని పూర్తిగా మానిపించం. ఆటకీ మోతాదు ఉంటుందని తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది.

ఆ రోజు ఆ అబ్బాయి ఆడే ఆట ఎంతో లెక్కేద్దామని కూర్చున్నాం. బళ్ళో పీఈటీ సారు రోజూ పొద్దున గ్రౌండు చుట్టూ అయిదు రౌండ్లు పరుగెత్తిస్తారు. సాయంత్రం కబడ్డీ కోచింగు గంటన్నర. ఇంటికొచ్చాక వీధిలో క్రికెట్టు. ఆదివారం మ్యాచీలు. వీటికి తోడు పంద్రాగస్టు దగ్గరపడుతోందని మార్చ్‌పాస్ట్ ప్రాక్టీసు, అదీ సిమెంటు గచ్చు మీద, మడమ టపటపా కొడుతూ. సారుకి కోచింగు సంగతి తెలియదు. కోచ్‌కి మార్చ్‌పాస్ట్ సంగతి తెలియదు. అమ్మకి పొద్దున పరుగు సంగతి తెలియదు. ఎవరికి వాళ్ళు "నేను చేయించేది ఎంతలే" అనుకున్నారు. మొత్తం మోసింది మడమ.

"అమ్మా, మీ ఇంట్లో పాల లెక్క ఎక్కడ రాస్తారు?" అని అడిగాను. "గోడ మీద క్యాలెండర్లో" అంది. "ఆ గడిలోనే పాల పక్కన రెండు అంకెలు రాయండి. ఒకటి, ఆ రోజు మొత్తం ఎన్ని నిమిషాలు పరుగూ గెంతూ ఉన్నాయో. రెండోది, మర్నాడు పొద్దున మంచం దిగి పది అడుగులు వేశాక నొప్పి పదికి ఎంత ఉందో వాడినే అడిగి రాయండి. సున్నా అంటే అసలు లేదు, పది అంటే ఏడుపొచ్చేంత." ఆ రెండు అంకెలే మన వైద్యానికి తక్కెడ.

లెక్క ఇలా చూడాలి. ఆడుతుండగా నొప్పి రెండు, మూడు దాకా ఉండి, మర్నాడు పొద్దుటికి పోతే ఆ మోతాదు మడమ మోయగలిగిందని అర్థం. మర్నాడు పొద్దున కుంటాడంటే నిన్నటి ఆట ఎక్కువైంది, ఇవాళ తగ్గించాలి. ఆడుతూ ఆడుతూ కుంటడం మొదలుపెడితే, అది ఫైనల్ మ్యాచీ అయినా సరే, అక్కడితో ఆపి బయటకు రావాలి. కుంటుతూ ఆడకూడదు. పీఈటీ సార్లూ, కోచ్‌లూ వింటుంటే ఈ మాట వాళ్ళకే.

మొదటి వారం, పది రోజులు కుంటకుండా నడవగలిగేదాకా పరుగులు, గెంతులు ఆపించాను. సైకిలు తొక్కొచ్చు, పాదం నడిమి భాగం పెడల్ మీద పెట్టి. ఈత కొట్టొచ్చు. కబడ్డీ కోచింగుకి వెళ్ళమన్నాను కూడా, స్కోరు రాయడానికి, చేతుల కసరత్తులు చేయడానికి. జట్టులోంచి పిల్లాణ్ణి తీసేస్తే మనసు కుంటుతుంది, అది మడమ కన్నా ఆలస్యంగా తగ్గుతుంది. ఆ తర్వాత మట్టి నేల మీద రోజు విడిచి రోజు పది నిమిషాలు నెమ్మదిగా పరుగు. పొద్దుటి అంకె మంచిగా ఉంటే ఇంకో అయిదు నిమిషాలు. ఎగరడం, దూకడం అన్నిటికన్నా ఆఖరున.

మడమ కింద ఎత్తు ఇంకో మంచి ఉపాయం. బూట్ల లోపల మడమ చోట చిటికెనవేలి మందాన, అంటే ఇంచుమించు ఒక సెంటీమీటరు, మెత్తని దిమ్మ పెట్టాలి. మడమ కాస్త లేస్తే పిక్క తాడు వదులవుతుంది, మేకు మీద లాగుడు తగ్గుతుంది. మందుల షాపుల్లో జెల్‌తో చేసినవి దొరుకుతాయి. దొరక్కపోతే గట్టి ఫెల్టు గానీ రబ్బరు స్పాంజి గానీ చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర కత్తిరించి పెట్టించుకోవచ్చు. ఒక కాలికే నొప్పి ఉన్నా రెండు బూట్లలోనూ పెట్టాలి. లేకపోతే ఒక కాలు పొడుగై నడుం పక్కకి ఒరుగుతుంది.

బూట్ల సంగతి. మన పిల్లలకి శనివారం తెల్ల కాన్వాసు బూట్లు ఉంటాయి. వాటి అడుగు అట్టముక్కంత పలచన. అవి వేసుకునే పరుగెత్తిస్తారు. పరుగుకి మడమ దగ్గర మెత్తగా, వెనక గోడ గట్టిగా ఉన్న బూటు కావాలి. ఇంకోటి, "రెండేళ్ళు రావాలి" అని ఒక సైజు పెద్దది కొంటాం. మడమ లోపల జారుతూ ఉంటుంది. డబ్బు ఆదా అయిందనుకుంటాం, మడమ ఆ బాకీ తీరుస్తుంది. గట్టి నేల మీద ఫుట్‌బాల్ స్టడ్స్ వద్దు. ఇంట్లో నాపరాళ్ళ మీద, టైల్స్ మీద ఉత్త కాళ్ళతో తిరగడం కన్నా, నొప్పి తగ్గేదాకా మెత్తటి చెప్పులు వేసుకుని తిరగనివ్వండి. నాయనమ్మ ఒప్పుకోకపోతే ఇంట్లోకి విడిగా ఒక జత కొనండి.

ఆట అయ్యాక ఐస్. పలచటి తువ్వాలులో చుట్టి మడమ వెనక పది, పదిహేను నిమిషాలు పెట్టాలి. ఐస్ నేరుగా చర్మానికి ఆనించకూడదు. ఫ్రిజ్ లేకపోతే కుండలో చల్లనీళ్ళు బక్కెట్లో పోసి కాలు పెట్టించండి. వేడి ఇసుక కాపడాలు, వెచ్చచేసిన ఆముదపాకు కట్లు ఇప్పుడు వద్దు. నూనె రాయాలనిపిస్తే పిక్కకి రాయండి, మెల్లగా. మడమని పట్టుకుని నలపకండి.

పిక్క సాగదీసే కసరత్తు ఒకటి చెబుతాను, వింటూ ఉన్నచోటే చేసి చూడొచ్చు. గోడకి ఎదురుగా నిలబడి రెండు అరచేతులూ గోడకి ఆనించండి. నొప్పి ఉన్న కాలు ఒక అడుగు వెనక పెట్టండి. వెనక మోకాలు నిటారుగా, మడమ నేలకి అతుక్కుని ఉండాలి, పాదం గోడ వైపు చూడాలి. ఇప్పుడు ముందు మోకాలు మెల్లగా వంచుతూ గోడ వైపు వాలండి. వెనక పిక్కలో హాయిగా లాగుతున్నట్టు తెలుస్తుంది. ముప్పై అంకెలు లెక్కపెట్టి వదలండి. మూడుసార్లు. తర్వాత వెనక మోకాలు కూడా కాస్త వంచి ఇంకో మూడుసార్లు, అది పిక్కలో లోపలి కండకి. రోజుకి రెండు పూటలు. పిక్కలో లాగితే మంచిది, మడమలో పోటు వస్తే ఆపేయాలి. నొప్పి తగ్గుముఖం పట్టాక రెండు కాళ్ళ మీద నిలబడి మెల్లగా మునివేళ్ళ మీదకి లేచి, అంతకన్నా మెల్లగా దిగడం పది సార్లు. మెట్టు అంచున నిలబడి మడమని కిందికి జారవిడిచే కసరత్తు పెద్దవాళ్ళకి చెబుతారు. నొప్పి ఉన్న పిల్లలకి అది పెట్టకండి.

మందుల గురించి ఒక్క మాట. నొప్పి బాగా ఉన్న మొదటి రోజుల్లో పారాసిటమాల్ గానీ ఐబుప్రొఫెన్ గానీ పిల్లాడి బరువు చూసి డాక్టరు చెప్పినంత ఇవ్వచ్చు. జ్వరం కూడా ఉంటే, అందులోనూ డెంగీ తిరిగే వానాకాలంలో, ఐబుప్రొఫెన్ జోలికి పోకండి. ఆస్పిరిన్ పిల్లలకి వద్దే వద్దు. మ్యాచీ ఉందని ముందే నొప్పిబిళ్ళ వేసి ఆడించడం అన్నిటికన్నా చెడ్డపని. నొప్పి మనకి కాపలా కుక్క. దాని నోరు కట్టేసి దొంగని లోపలికి పిలిచినట్టవుతుంది. మడమలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు దీనికి పనికిరావు. ఆపరేషన్ అవసరమే రాదు. మరీ కుంటుతున్న కొద్దిమంది పిల్లలకి రెండు మూడు వారాలు కట్టు గానీ, విప్పి పెట్టుకునే బూటు గానీ వేస్తాం. కాల్షియం బిళ్ళలు లోపం ఉన్నవాళ్ళకే. పాలూ గుడ్డూ రాగిజావా ఎదుగుదలకి మంచివి, పెట్టండి, అయితే ఈ నొప్పికి అవి మందు కాదు.

"ఇన్ని చెప్పారు, వీటిలో ఏది అసలు మందు?" అని మీరు అడగొచ్చు. నెదర్లాండ్స్ డాక్టర్లు ఇదే ప్రశ్న వేసుకుని, 101 మంది పిల్లలని మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకి ప్రత్యేక వైద్యం లేదు, వేచి చూశారు. ఒక జట్టుకి బూట్లో మడమ ఎత్తు. ఇంకో జట్టుకి ఫిజియోథెరపిస్టు దగ్గర కసరత్తులు. పది వారాలు నడిపారు. 2016లో ఫలితం అచ్చయింది. మడమ ఎత్తు పెట్టుకున్నవాళ్ళు మొదటి ఆరు వారాల్లో ఎక్కువ తృప్తిగా ఉన్నారు. కానీ మూడు నెలలు గడిచేసరికి మూడు జట్లకీ నొప్పి బాగా తగ్గింది, జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. అంటే గోడ తనంతట తానే ఆరుతుంది. మిగతావన్నీ ఆరేదాకా పిల్లాడికి సుఖం కోసం. ఖరీదైన వైద్యం చేయించలేకపోయామని ఏ తల్లీ బాధపడక్కర్లేదు. చాలామందికి కొన్ని వారాల నుంచి రెండు నెలల లోపు కుదుటపడుతుంది. ఎదుగుదల పొర అతుక్కునేలోగా మళ్ళీ ఒకటి రెండుసార్లు తిరగబెట్టినా కంగారు పడకండి. లెక్క మళ్ళీ మొదటి నుంచి వేసుకోండి.

ఆడపిల్లల మాట మరిచిపోకూడదు. ఈ నొప్పి మగపిల్లల్లో ఎక్కువంటారు, నిజమే. కానీ ఆడపిల్లలు ముందుగా ఎదుగుతారు కాబట్టి వాళ్ళకి తొమ్మిది, పదేళ్ళకే రావచ్చు. ఖోఖో ఆడే అమ్మాయిలు ఉన్నారు. అంతకన్నా ఎక్కువమంది కూచిపూడి, భరతనాట్యం నేర్చుకునే అమ్మాయిలు ఉన్నారు. మడమ నేలకేసి కొట్టే అడుగులు, ఉత్త కాళ్ళతో, పాలరాతి నేల మీద, రంగప్రవేశం దగ్గరపడితే రోజుకి మూడు నాలుగు గంటలు. నాట్యాన్ని ఆటగా ఎవరూ లెక్కేయరు. మడమ మాత్రం లెక్కేస్తుంది. గురువుగారికి చెప్పి కొన్నాళ్ళు పాదం మెల్లగా ఆనిస్తూ, అభినయం మీద ఎక్కువసేపు గడిపించమనండి. చాప గానీ, చెక్క నేల గానీ ఉంటే మరీ మంచిది.

మళ్ళీ మన అబ్బాయి దగ్గరికి వద్దాం. దసరా సెలవుల ముందు వాళ్ళమ్మ వచ్చింది, క్యాలెండర్ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని. పరిచి చూశాను. అర లీటరు, పక్కన ఆరు. అర లీటరు, నాలుగు. ముప్పావు లీటరు, మూడు. కొన్ని గడుల్లో పాలు రాయడం మరిచిపోయింది కానీ మడమ మరిచిపోలేదు. నాలుగో వారం నుంచి ఒకట్లూ సున్నాలూ. నడుమ ఒక గడిలో ఉన్నట్టుండి ఏడు! దాని కింద చిన్న అక్షరాలతో "పెళ్ళి" అని రాసి ఉంది. "మా ఆడపడుచు కూతురి పెళ్ళండీ. ఫంక్షన్ హాల్లో రాళ్ళ మీద రాత్రంతా ఉత్త కాళ్ళతో పరుగులు. మీకు ఫోన్ చేద్దామనుకున్నాను. మళ్ళీ లెక్క చూస్తే నాకే అర్థమైంది. రెండు రోజులు ఆట ఆపి, తర్వాత సగం చేశాను. అయిదో రోజుకి సున్నా" అంది.

ఆమెకి ఇక నాతో పని లేదు. పాలవాడితో నెలాఖరు లెక్క తేల్చినంత సులువుగా పిల్లాడి మడమ లెక్క తేల్చేస్తోంది.

"మరి వాడేడమ్మా?" అన్నాను. "బయట ఆడుతున్నాడండీ" అంటూ గుమ్మం వైపు తిరిగి పిలిచింది. ఈసారి నేను తలెత్తనక్కర్లేకపోయింది. వరండా పొడుగునా టకటకమని చప్పుడు ముందొచ్చింది, వెనక పిల్లాడొచ్చాడు. మడమ నేలకి ఆనితే చప్పుడవుతుంది కదా.

మీ ఇంట్లో పిల్లలు నడిచే చప్పుడు కాస్త వింటూ ఉండండి.